మూడడుగుల సముద్రానికి సూర్యుడి స్వయంవరం

కావ్యమన్నాక ముందు ఎవరికో ఒకరికి మొక్కాలి. ఇది కరెంటు మీద నడిచే కావ్యం కనుక విఘ్నేశ్వరుడికి ఒక నమస్కారం, సబ్‌స్టేషన్‌కు ఒక నమస్కారం. మూడోది కొల్లేటికోట పెద్దింట్లమ్మకు. ఈ నీళ్ల దేశంలో ఆ తల్లితో చెప్పకుండా బిందెడు నీళ్లు కదిలించడం మర్యాద కాదు. తర్వాతది కుకవినింద. పెట్టె మీద ‘165 వాట్లు, పగడాలకు సర్వశ్రేష్ఠం’ అని అచ్చేసి, ఆ వెలుతురులో ఏ రంగు పాలెంతో ఒక్క ముక్క చెప్పనివాళ్లే మన కాలపు కుకవులు. వాళ్లను తిట్టాల్సిన చోట తిడదాం. అష్టాదశ వర్ణనల్లో మధుపానం, రతోత్సవం ఈ కథలో ఆశించకండి. ఇది ఉప్పునీళ్ల కథ, పైగా హాల్లో జరిగేది.

ఇక పురవర్ణన. వేంగీ రాజులు ఏలిన పెదవేగికి నాలుగైదు కోసుల దూరంలో, కృష్ణమ్మ పంపిన కాలువా గోదారమ్మ పంపిన కాలువా ఎదురెదురుగా వచ్చి పలకరించుకునే చోట, తమ్మిలేరు ఒరుసుకుంటూ పోయే చోట వెలసిన పట్టణరాజం ఏలూరు. తివాచీలకు పేరుపడ్డ ఊరు. 2022 ఏప్రిల్‌లో తన పేరు మీదే ఒక జిల్లాను తెచ్చుకున్న ఊరు. దానికి దక్షిణాన, రెండు మహానదుల డెల్టాల నడిమి పల్లంలో పరుచుకున్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చి పోసిన నీటిని ఉప్పుటేరు తీసుకెళ్లి సముద్రానికి అప్పజెబుతుంది. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో ప్రొక్లెయినర్లు దిగి అందులోని అక్రమ చేపల చెరువుల గట్లు తెగ్గొట్టాయి. ఆటపాక గూడబాతులు మాత్రం ఈ దండయాత్రలేవీ ఖాతరు చేయకుండా ఏటేటా పిల్లల్ని చేసుకుంటూనే ఉన్నాయి.

ఈ దేశంలో చేపను ముక్కల్లో తింటారు, టన్నుల్లో పెంచుతారు, లారీల్లో పంపుతారు. బొచ్చె, శీలావతి ఐసు మీద పవళించి కలకత్తా దాకా ప్రయాణం చేస్తాయి. రొయ్య గురించైతే కౌంటులోనే మాట్లాడాలి. రొయ్య అందంగా ఉందని ఎవరైనా అంటే వాడికి ఎండదెబ్బ తగిలిందనుకుంటారు. అలాంటి గడ్డ మీద పుట్టి, తినడానికి పనికిరాని, అమ్మితే నాలుగు డబ్బులు రాని, కనీసం ఈదనైనా ఈదని ప్రాణిని హాల్లో పెట్టి పెంచుకోవాలనుకోవడం వంశానికి తలవంపు. మన కథానాయకుడు ఆ తలవంపుకు సిద్ధపడ్డాడు.

ఇతడు ధీరోదాత్తుడని బుకాయించను. పవర్‌పేటలో అద్దె ఇల్లు, తాడేపల్లిగూడెంలో ఉద్యోగం, పొద్దున ఒక రైలు, సాయంత్రం ఒక రైలు, నెల మొదట్లో ఈఎంఐలు. తండ్రి కైకలూరు వైపు చిన్నప్పటినుంచీ చెరువులు చేస్తున్న మనిషి. ‘మావి ఐదో కాంటూరుకు బయటేనండి’ అని, అభయారణ్యపు హద్దు గురించి అడగనివాళ్లకు కూడా చెబుతాడు. గాజు తొట్టి ఆటో దిగిన రోజున ఆయన చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

“పట్టుబడి ఎన్ని నెలలకిరా?”

“ఉండదు నాన్నా. ఇవి చూసుకోడానికి.”

“మేతేం వేస్తావ్?”

“ఎక్కువగా వెలుతురే.”

“వెలుతురు తిని బతికేదొకటుందని ముందే చెప్పకపోయావా అబ్బాయ్! ఇన్నేళ్లూ మేతకి పోసిన డబ్బుతో గూడెం సగం కొనేవాణ్ణి.”

సాగరవర్ణన చేయాల్సిన చోటికొచ్చాం. వామనుడు బలిని అడిగినవి మూడడుగులే. మనవాడూ అంతకు మించి ఆశపడలేదు: మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. లెక్కకు 190 లీటర్లు. అగస్త్యుడికి పుక్కిలింతకైనా చాలదు. అయినా సముద్రం సముద్రమే. లీటరుకు 35 గ్రాముల చొప్పున ఆరున్నర కిలోల పైచిలుకు ఉప్పు అందులో కరిగింది. కెరటాలను పుట్టించే బాధ్యత మూలనున్న పంపు తీసుకుంది. మైనాకుడి స్థానంలో నాలుగు రాళ్లు కుదురుకున్నాయి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు కోసం దేశాలు తిరగనక్కర్లేదు, వెనామీ రొయ్య పుణ్యమా అని ఇక్కడి ఆక్వా షాపులకు అది రోజువారీ సరుకు. కాల్షియం, మెగ్నీషియం, ఆల్కలినిటీ, అమ్మోనియా చూసిపెట్టే ల్యాబులూ దగ్గర్లోనే ఉన్నాయి. ఉప్పునీటి తొట్టి పెట్టేవాడికి హైదరాబాదు కన్నా భీమవరం దగ్గర చుట్టమని నా అభిప్రాయం. ఇన్ని దొరికే చోట దొరకనిది ఒక్కటే: ఈ సముద్రానికి తగిన సూర్యుడు.

స్వయంవరానికి ముందు వధువు పక్షం సంగతి చెప్పుకోవాలి. ఈ ఇంట్లో పగడం అనగానే మొదట ఆశపడింది నాయనమ్మ. కుజదోషం ఉన్న మనవరాలికి ఉంగరం చేయించవచ్చనుకుంది. ఉంగరాల్లో మెరిసే ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో, చీకటి గుహల్లో, లోతు మరుగుల్లో పెరిగే జాతి. దానికి వెలుతురుతో పని లేదు. నీళ్లలో కొట్టుకొచ్చిన సూక్ష్మజీవుల్ని పట్టుకు తింటుంది. కవులు అన్నివేల పెదవులకు పోలిక తెచ్చింది ఆ పగడాన్నే. మన తొట్టిలోకి వచ్చినవి వేరు: కొన్ని మష్రూమ్‌లు, కొన్ని జోవాలు, ఒక లెదర్ కోరల్. తెల్లటి లైటు కింద చూస్తే వీటి రంగు ఎక్కువ పాలు గోధుమ. వీటితో ఏ నాయిక పెదవిని పోల్చినా కావ్యం అక్కడితో ఆగిపోతుంది.

అయితే ఆ గోధుమ రంగులోనే అసలు రహస్యం ఉంది. పగడం జంతువు. దాని కండలో జూజాంథెల్లా అనే ఏకకణ శైవలం కాపురముంటుంది. వెలుతురు తగిలితే ఆ శైవలం చక్కెర చేస్తుంది, చేసినదాంట్లో సింహభాగం పగడానికి అప్పజెప్పి, మిగిలినదాంతో తాను గడుపుకుంటుంది. కౌలు రేట్లకు పేరుమోసిన గోదావరి జిల్లాల్లో కూడా ఇంత కౌలు కొలిచే రైతు నాకు తెలియదు. ఇది వినగానే తండ్రి ఎగతాళి ఆపి ఒక నిమిషం ఆలోచించాడు. చెరువు మనిషికి ఈ విద్య కొత్త కాదు. పగలు నీళ్లు పచ్చగా ఉండి ఎండ కాస్తుంటే ఆక్సిజన్ పుష్కలంగా ఉంటుంది. తెల్లవారుజామున అదే పచ్చదనం ఆక్సిజన్ లాగేసుకుంటే డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోయి చేప పైకి తేలుతుంది. అందుకే రాత్రంతా ఏరేటర్లు తిప్పడం. “అంటే మా చెరువు నీళ్లలో ఉండేది నీ బొమ్మ ఒంట్లో ఉందన్నమాట” అన్నాడాయన. సముద్రజీవశాస్త్రం ఇంత కన్నా క్లుప్తంగా చెప్పడం కష్టం.

మరి ఆ శైవలానికి ఏ వెలుతురు కావాలి? సముద్రం ఎరుపును ముందు మింగేస్తుంది. పదిపదిహేను మీటర్లు దిగేసరికి మిగిలేది ప్రధానంగా నీలం. తరతరాలుగా ఆ నీలంలో బతికిన శైవలం కాబట్టి 400 నుంచి 480 నానోమీటర్ల నడిమి ఊదా, నీలి కిరణాలను ఇష్టంగా పట్టుకుంటుంది. మన గోదావరి ముఖద్వారం దగ్గర పగడపు దిబ్బలు లేకపోవడానికి కూడా ఇందులో జవాబుంది. నది తెచ్చే ఒండ్రు వెలుతురును ఆపేస్తుంది, నది తెచ్చే మంచినీళ్లు ఉప్పును పలుచన చేస్తాయి. దిబ్బలు చూడాలంటే మన్నార్ సింధుశాఖకో, లక్షద్వీపాలకో, అండమాన్‌కో, కచ్ తీరానికో పోవాలి.

నీలం గురించి చెప్పేటప్పుడు కుమారోదయ వర్ణన చేయకపోతే ఆలంకారికులు ఊరుకోరు. ఎర్ర ఎల్ఈడీ 1962లోనే పుట్టింది. తర్వాత పచ్చది పుట్టింది. నీలిబిడ్డ కోసం శాస్త్రలోకం మూడు దశాబ్దాలు పుత్రకామేష్టి చేసింది. గాలియం నైట్రైడ్ స్ఫటికం సరిగ్గా పెరగక కంపెనీలకు కంపెనీలే చేతులెత్తేశాయి. జపాన్‌లో అకసాకి, అమానో ఒక పక్క, నిచియా అనే కంపెనీలో నకమురా మరో పక్క పట్టు వదలకుండా కూర్చున్నారు. 1993లో నకమురా చేతిలో ధగధగలాడే నీలిదీపం వెలిగింది. 2014లో ఆ ముగ్గురికీ భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూస్తే తెల్ల లైటైంది. ఆ తెల్ల లైటే ఇప్పుడు మన ఇళ్లలో, రొయ్యల చెరువు గట్ల మీద, గుడి గోపురాల మీద వెలుగుతోంది. పూత లేని నీలం మాత్రం పగడాల పాలిట సూర్యుడైంది.

స్వయంవర మండపం సిద్ధమైంది. వేదిక డైనింగ్ టేబుల్. చెలికత్తె పాత్ర మొబైల్ ఫోన్‌ది.

మొదట ప్రవేశించినవాడు మెటల్ హాలైడ్. 250 వాట్ల ప్రచండ మార్తాండుడు. ఒకప్పుడు పగడపు తొట్ల మీద ఏకచ్ఛత్రాధిపత్యం చేసినవాడు. అతడి వెలుతురు నీళ్లలో నాట్యమాడితే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ పరారుణ కిరణాలతో సహా దిగుతాడు, నీళ్లను కాచేస్తాడు. రోహిణి కార్తెలో ఏలూరుకు రెండో సూర్యుణ్ణి పిలవడం ఎంత తెలివైన పనో చెప్పక్కర్లేదు. పూలమాల అతడి ముందు ఆగలేదు.

తర్వాత టీ5 ట్యూబులు. వృద్ధమంత్రులు. తొట్టి అంతటా సమానంగా పరుచుకునే సౌమ్యమైన వెలుతురు వారిది. కాకపోతే ఏడాదికోసారి ట్యూబులు మార్చాలి, ఆ నీలిరంగు ట్యూబు ఇక్కడి ఎలక్ట్రికల్ షాపులో అడిగితే మన ముఖంలోకి చూస్తారు. వారికి నమస్కరించి ముందుకు సాగడమే.

అప్పుడు భేరీలు మోగగా విదేశీ రాకుమారులు విచ్చేశారు. రేడియాన్, కెసిల్, హైడ్రా. ఒక్కొక్కరి ఖరీదు వందల డాలర్లు, సుంకాలు దాటి మన గుమ్మం తొక్కేసరికి పదుల వేల లెక్కలోకి పోతారు. వీరి గుణగణాలు నిజమైనవే. రంగురంగుకూ వేరే పగ్గం, ఫోన్‌లో పట్టాభిషేకం, ఉషోదయం, మేఘచ్ఛాయ, పున్నమి, కోరితే ఉరుములేని మెరుపులు.

“మెరుపులకి డబ్బులా?” అన్నాడు తండ్రి. “జూన్ వస్తే ఊరికే వస్తాయి గదరా.”

ఆ తర్వాత మామూలు అక్వేరియం షాపు లైటు. పొడుగ్గా, చవగ్గా, తెల్లగా, ‘6500 కె’ అనే బిరుదుతో. మంచినీటి మొక్కలకూ గోల్డ్‌ఫిష్‌కూ అది చాలు. పగడపు శైవలానికి అందులో నీలం తక్కువ. అతడి వెనకే ఎవరూ పిలవకుండా ఒకడు దూసుకొచ్చాడు: ఎలక్ట్రికల్ షాపులో దొరికే నీలి ఫ్లడ్‌లైటు. పెళ్లి మండపాల్లో కొబ్బరిచెట్లకు నీలం పులిమేవాడు ఇతడే. వానలో తడిసినా చావడు. మొదట నేనూ నవ్వాను గానీ, ఇతణ్ణి మరీ తీసిపారేయడానికి లేదు. నీలం నీలమే కనుక మష్రూమ్‌లు ఇతడి కింద కూడా బతుకుతాయి. తగ్గించే వీలు లేకపోవడం, వెలుతురంతా ఒకేచోట గుమ్మరించడం ఇతడి లోపాలు.

చివరికి నల్లపెట్టె. చైనా తయారీ, రూపురేఖలు లేవు, పైన రెండు ఫ్యాన్లు, కింద 55 చిప్‌లు, చిప్‌కు మూడు వాట్ల చొప్పున కుకవులు గుణించి 165 అని బిరుదిచ్చారు. ఆ చిప్‌లను వాటి శక్తికి తక్కువలోనే నడుపుతారు కనుక గోడ దగ్గర మీటరు పెట్టి చూస్తే ఆ అంకె రాదు. అది అబద్ధమే అయినా మనకు మేలు చేసే అబద్ధం, తక్కువలో నడిచిన చిప్ ఎక్కువ కాలం బతుకుతుంది. నీలానికి ఒక మీట, తెలుపుకు ఒక మీట. ఇంత సాదా వరుణ్ణి చూసి సభ చప్పబడింది.

ఇక్కడ మంత్రాలోచన అనే ఘట్టం. సభలో వినిపించిన బిరుదులన్నీ తప్పుదోవ పట్టించేవే. ల్యూమెన్ల సంగతే చూడండి. అది మనిషి కంటికి కొలిచిన కొలత. మన కన్ను 555 నానోమీటర్ల పచ్చకు ఎక్కువ స్పందిస్తుంది, 450 దగ్గరి నీలానికి అందులో ఇరవయ్యో వంతు కూడా స్పందించదు. అందుచేత పగడానికి అమృతం పోసే నీలిదీపం ల్యూమెన్లలో దరిద్రుడిగా కనిపిస్తుంది, దానికి అక్కర్లేని పసుపుపచ్చ బల్బు కుబేరుడిగా కనిపిస్తుంది. కెల్విన్లు కూడా అంతే. ‘20000 కె’ అంటే నీలంగా కనిపిస్తుందని అర్థం, ఎంత నీలం దిగుతుందో అందులో లేదు. వాట్లు లైటు తినేదాన్ని చెబుతాయి, పెట్టేదాన్ని చెప్పవు. తెలియాల్సింది ఒక్కటే, పగడం కూర్చున్న రాయి మీద చదరపు మీటరుకు సెకనుకు 400 నుంచి 700 నానోమీటర్ల నడుమ ఎన్ని ఫోటాన్లు పడుతున్నాయనేది. దాన్ని పార్ అంటారు, మైక్రోమోల్స్‌లో కొలుస్తారు. నడినెత్తి సూర్యుడి కింద అది 2000 దాకా పోతుంది. మష్రూమ్‌లకూ జోవాలకూ లెదర్‌కూ 50 నుంచి 150 మధ్య సరిపోతుంది. కొమ్ములు కొమ్ములుగా పెరిగే గట్టి పగడాలకు 200 నుంచి 350 కావాలి.

రాకుమారుల ఖరీదంతా ఈ రెండో అంకె కోసమే. ఇక్కడ మన కావ్యంలోకి ధర్మశాస్త్రం ప్రవేశిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే, దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ 2001లో చేర్చారు. నల్ల పగడం, నిప్పు పగడం, సముద్రపు విసనకర్రలు కూడా వాటి సరసనే ఉన్నాయి. మన సముద్రంలోంచి వాటిని విరిచి తెచ్చి అమ్మడం పులిచర్మం అమ్మడం లాంటిదే. అవి విదేశాల నుంచి రావాలన్నా అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కింద అనుమతులుండాలి. కాబట్టి మనవాడి హాల్లో కొమ్ముల పగడం ఉండబోదు. ఉండనిదానికి 350 పార్ ఎందుకు? సింహాసనం లేని ఇంటికి రత్నకిరీటం కొనడమే అవుతుంది. చట్టం చేతులు కట్టేసిందని కొందరు అభిరుచిగాళ్లు గొణుగుతారు గానీ, నన్నడిగితే ఆ చట్టమే మధ్యతరగతి జేబుకు కవచం.

పూలమాల నల్లపెట్టె మెడలో పడింది.

పెళ్లయ్యాక కాపురం ఉంది. నల్లపెట్టె కింద నట్టనడిమి చోటు మహా తీక్ష్ణం, అంచులు మసక. కటకాలు వెలుతురును అలా గురిపెడతాయి. దాన్ని నీటికి అడుగు పైన వేలాడదీసి, జోవాలను నడిమి రాయి మీద, మష్రూమ్‌లను పక్కల నీడలో, ఇసుక మీద పెట్టాడు. మొదటి రోజే మీటలు చివరికంటా తిప్పితే పగడం తెల్లబోతుంది. ఇది అలంకారం కాదు, శైవలాన్ని బయటికి నెట్టేసి నిజంగానే తెల్లబడుతుంది. నీలం నూటికి పాతిక దగ్గర మొదలెట్టి, వారానికి కొంచెం పెంచుకుంటూ పోవాలి. తెలుపు అందులో సగమైనా చాలు. వెలుతురు చాలకపోతే పగడం ముదురు గోధుమకు తిరిగి కాడ సాచి పైకి లేస్తుంది. ఎక్కువైతే ముడుచుకుని అంచులు పాలిపోతాయి. తండ్రి చెక్‌ట్రే లేపి మేత చూసినట్టు కొడుకు రోజూ ఆ అంచుల్ని చూస్తాడు. జోవాలను చేత్తో తాకేటప్పుడు మాత్రం గ్లౌజులుండాలి. వాటిలో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే విషముంటుంది. క్షీరసాగరంలోనే కాదు, మూడడుగుల సాగరంలోనూ హాలాహలం ఉంది. మింగి నిలబడడానికి శివుడు లేడు.

సూర్యోదయ వర్ణన కోసమే ఈ కావ్యం రాశానని ఒప్పుకోవాలి. లోకంలో సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు. ఈ లోకంలో టైమర్ ప్లగ్గులో ఉదయిస్తాడు, అదీ మధ్యాహ్నం ఒంటిగంటకు. యజమాని గూడెం నుంచి సాయంత్రం రైల్లో వచ్చేసరికి పగటివేళ సగమన్నా మిగలాలి కదా. ముందు నీలం. రాళ్ల మీద పరుచుకున్న బురద రంగు నిద్రలో కదిలినట్టవుతుంది. పది నిమిషాల్లో జోవాల గుండ్రని కన్నులు ఒకటొకటిగా విప్పారుతాయి, చుట్టూ రెప్పలు పచ్చగా, నడుమ నారింజ నిప్పు. పగడపు ప్రోటీన్లు నీలాన్ని తాగి పచ్చగా, ఎర్రగా తిరిగి కక్కుతాయి; గోధుమ అనుకున్నదంతా ఆ గంటలో మరకతాల దుకాణమైపోతుంది. రెండు గంటలకు తెలుపు తోడవుతుంది, నీటి ఉపరితలం వణికినప్పుడల్లా ఇసుక మీద వెలుగు వలలు పాకుతాయి. మధ్యాహ్నం నిద్ర లేచిన నాయనమ్మ ఆ నీలాన్ని చూసి దండం పెడుతుంది. ఎందుకమ్మా అంటే, వెలిగేదానికి పెట్టడంలో తప్పేముందంటుంది. రాత్రి పదికి సూర్యాస్తమయం. చంద్రోదయం అక్కర్లేదు, పగడాలకు చీకటీ కావాలి. మొత్తం తొమ్మిది గంటల పగలు. అరవై వాట్ల లెక్కన నెలకు పదహారు యూనిట్లు. ఆ హాల్లో రాత్రింబవళ్లు తిరిగే సీలింగ్ ఫ్యాను అంతకు మూడింతలు తాగుతుంది.

యుద్ధం ఏప్రిల్‌లో మొదలైంది. శత్రువు గ్రీష్ముడు. పగడాలకు 24 నుంచి 27 డిగ్రీల నీళ్లు సుఖం. ఏలూరులో బయట నలభై దాటాక తొట్టి నీళ్లు ముప్పై దాటడం పెద్ద మాటేమీ కాదు. మామూలు వేసవి వేడి కన్నా ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువై కొన్ని వారాలు నిలిస్తే మహాసముద్రాల్లోనే పగడాలు తెల్లబడుతున్నాయి. 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రపంచవ్యాప్త తెల్లబాటు నాలుగోది. ఇక 190 లీటర్లది ఎంత? ఇక్కడే చవక లైటు విలువ తెలిసింది. ఎల్ఈడీ వేడి పైనున్న అల్యూమినియం రెక్కల్లోంచి, ఫ్యాన్లలోంచి గదిలోకి పోతుంది, నీళ్లలోకి పెద్దగా దిగదు. లైటు మీద మిగిలిన డబ్బు నీళ్లను చల్లబరిచే చిల్లర్‌కు దారి చూపింది. చిల్లర్ వచ్చేదాకా నీటి మీదికి చిన్న ఫ్యాను ఊదించాడు. పడమటి వడగాడ్పు రోజుల్లో ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గేది. సముద్రపు గాలి తిరిగి ఒళ్లంతా జిగురుగా ఉండే సాయంత్రాల్లో ఆ ఎత్తు పారలేదు, గాలిలోనే తడి నిండి ఉంటే నీళ్లెక్కడికి ఆవిరవుతాయి? ఆవిరైన మేరకు మంచినీళ్లు పోయకపోతే ఉప్పు పెరుగుతుంది, అదొక చాకిరీ.

ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయింది. కొడుకు లైటు గురించి కంగారుపడ్డాడు. ఫోన్‌లో తండ్రి కసిరాడు. “లైటు సంగతి తర్వాత చూద్దువుగాని. మబ్బు పట్టిందని చెరువు చస్తుందా? పంపు ఆగితే చస్తుంది. ముందు గాలి ఆడించు.” అక్షరాలా నిజం. ఒకటి రెండు రోజులు చీకటైనా పగడం తట్టుకుంటుంది. నీళ్లు కదలకుండా గంటలు గడిస్తే ఆక్సిజన్ పడిపోయి తొట్టి మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, వేడి నీళ్లలో మరీ తొందరగా. ఇన్వర్టర్ మీద ఎక్కాల్సింది పంపు. తుఫాన్ల దారిలో కాపురముండే మనకు బ్యాటరీ ఏరేటర్ ఒకటి బీరువాలో ఉండాలి. ఉప్పునీళ్ల దగ్గర, కరెంటు లీకైతే సరఫరా తెంచే ఆర్‌సీసీబీ లేని ప్లగ్గు ప్రాణం మీదికి తెస్తుంది, వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి పోయేలా ఉంటే కారిన చుక్క ప్లగ్గులోకి పోదు. వీరరసం అయిపోయింది, ఇక్కడ జాగ్రత్త రసం.

ఒక్క లోటు మిగిలింది. రాయి మీద పార్ ఎంతో మనవాడు కొలవలేదు, పగడాన్ని చూసి ఊహించాడు. ఫోన్‌లోని లక్స్ కొలత ఎండకైతే 54తో భాగిస్తే సుమారుగా పార్ వస్తుంది, నీలి ఎల్ఈడీ కింద ఆ భాగహారం చెల్లదు. నీళ్లలో ముంచి కొలిచే అసలు పార్ మీటరు ఖరీదు చాలామంది లైటు ఖరీదు కన్నా ఎక్కువ. అది ఇంటికొకటి కొనేది కాదు, తొట్టికి ఏడాదిలో ఒకటి రెండు సార్లకు మించి అవసరం పడదు. ఏలూరులో, గూడెంలో, భీమవరంలో హాల్లో సముద్రం పెట్టుకున్న అయ్యలారా, అమ్మలారా, నలుగురూ కలిసి ఒక్క మీటరు కొనండి, చేతులు మార్చుకుని వాడుకోండి. అప్పటిదాకా మీటలు పెంచకండి. కొత్త పగడం ఎవరైనా చూపిస్తే అది ఎక్కడ పెరిగిందో అడగండి, రశీదు లేకపోతే అక్కడే వదిలి రండి.